గసగసాలంత కారం

"కారం అంటే కారమే కదా, ఎర్రగా ఉంటుంది, మండుతుంది, ఇంకేముంది అందులో" అనేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాంగోపాల్‌పేట్‌లో కారం దంచి అమ్మే ఇంట్లో పుట్టినదాన్ని నేను. మా ఇంట్లో రంగు తర్వాత, ఘాటు తర్వాత. ముందు అడిగేది గింజ ఎంత అని. పిండంత, గసగసాలంత, బొంబాయి రవ్వంత, నూకంత, ఇవీ మా కొలతలు. మారేడ్‌పల్లి పెద్దిళ్ళవాళ్ళకు వేలి గీతల్లోకి ఇంకిపోయే పిండి కావాలి. పచ్చళ్ళు పెట్టేవాళ్ళకు రవ్వ కావాలి. హోటళ్ళవాళ్ళకు ఏదైనా ఒకటే, వాళ్ళకు నాలుకలు లేవని మా నాయనమ్మ ఎప్పుడో తేల్చేసింది.

ఎంత అన్నది సగం సంగతే. ఎట్లాంటిది అన్నది మిగతా సగం. తిరగలిలో విసిరిన కారం మూలలు అరిగి గుండ్రంగా వస్తుంది. రోట్లో రోకటి దెబ్బలు తిన్నది పొలుసుగా వస్తుంది, పల్చగా, అంచులు చీలి. కంటికి రెండూ ఒకటే. ఇత్తడి పళ్ళెంలో చిటికెడు పోసి కొంచెం వాల్చితే గుండ్రనిది జారి అంచుకు పోతుంది, పొలుసు ఉన్నచోటనే పట్టుకుని ఉంటుంది. వేళ్ళ మధ్య పెట్టి చెవి దగ్గర రుద్దినా తెలుస్తుంది. పిండి నోరు విప్పదు, రవ్వ గరగరమంటుంది, పొలుసు కిసకిసమంటుంది. మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, కళ్ళు మూసుకుని రుద్ది అది ఏ జల్లెడలో దిగిందో చెప్పేవాడు. మేము మార్చి మార్చి పెట్టి ఏడిపించినా ఎప్పుడూ తప్పేవాడు కాదు.

ఆయనంటే నాకు ప్రాణం. నాకు పద్నాలుగేళ్ళు, ఆయనకు ఇరవై దాటి కొద్ది రోజులు. అమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి ఆయన లాగు తొడుక్కునే పిల్లవాడట. అమ్మే ముక్కు తుడిచి అన్నం పెట్టి పెంచింది. వదినె అని పిలిచేవాడు కానీ అడిగేవన్నీ తల్లిని అడిగినట్టు అడిగేవాడు.

పక్కిల్లు చాచీది, ముస్లిం ఆవిడ, పిన్ని అన్నట్టుగా పేటంతా చాచీ అనేది. భర్త పోయాక ఇద్దరు చిన్న ఆడపిల్లలను పెట్టుకుని, బట్టలు కుట్టి బతుకుతుండేది. మా పెరడుకూ ఆమె పెరడుకూ మధ్య ఒకటే మట్టి గోడ, ఒకచోట కూలి మనిషి దూరేంత సందు. ఆ సందు పూడ్చాలని నాన్న ఏటా అనేవాడు. అందులోంచి కూర గిన్నెలు ఇటూ అటూ పోతుంటే ఎవరు పూడుస్తారు?

పోలీస్ యాక్షన్‌కు ముందు ఎండాకాలం అది. ఊళ్ళో ఖాకీ చొక్కాలవాళ్ళ ఆగడం ముదిరింది. పేటల్లో కవాతు చేసేవాళ్ళు, నచ్చనివాడిని ఇంట్లోంచి ఈడ్చి వీధిలో కొట్టేవాళ్ళు. చిన్నాయన ఎక్కడో సభకు పోయి మూడు రంగుల జెండా పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఊరుకోక బజారులో నలుగురికీ చెప్పుకున్నాడు. ఒక మధ్యాహ్నం బియ్యం కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు.

"వస్తున్రు! లాఠీలు పట్టుకొని మీ ఇంటికే వస్తున్రు. పిలగాన్ని జెర ఎటన్న పంపియ్యిన్రి!"

చిన్నాయన పెరటి సందులోంచి చాచీ ఇంట్లోకి దూకాడు. నాన్న తలుపుకు అడ్డం నిలబడ్డాడు. మా చేతుల్లో ఏముంది, కారం తప్ప? రవ్వంత కారం గంప నిండా వాకిట్లోనే ఉంది. నేను దాని మీద చెయ్యి వేశాను. నాయనమ్మ నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"గది కాదు. మూలకున్న కుండ పట్కరా."

మూల కుండలో ఉండేది గుడ్డలో వడబోసిన పిండి. మా మొదటి రకం, మా ఇంటి పరువు. పెళ్ళిళ్ళకు, పెద్దవాళ్ళకు అదే పోయేది. పగవాడికి కూడా తక్కువ రకం ఇవ్వడానికి మా నాయనమ్మకు చేయి రాలేదు. మేలైనది ఎక్కువ మండుతుందని అందరం నమ్మాం. జీవితమంతా కారంలో బతికినవాళ్ళమే ఇంత తెలివితక్కువగా ఉండగలం.

వాళ్ళు గడప దగ్గరికి రాగానే ముగ్గురం దోసిళ్ళతో విసిరాం. అది పోయి వాళ్ళ మీద పడలేదు. పొగలాగా పైకి లేచి మా వాకిట్లోనే తేలింది. వీధి వైపు నుంచి ఎండగాలి ఒక్క విసురు విసిరింది. అంతే, అదంతా తిరిగి మా ముఖాల మీదికే వచ్చింది. నాయనమ్మ గొంతు పట్టుకుని కూలబడింది. అమ్మ దగ్గుతూ గోడకు తల బాదుకుంది. నాకు కళ్ళు తెరుచుకోవడం లేదు, వినబడుతోంది అంతే. వాళ్ళు ముక్కులకు రుమాళ్ళు కట్టుకున్నారట, పొగ దిగేదాకా వీధిలో నిలబడి నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు.

తర్వాత లోపలికి వచ్చారు. నాన్న గట్టి మనిషే, నాలుగు బస్తాలు ఎత్తే మనిషి. కళ్ళుంటే ఒకడినైనా పడగొట్టేవాడు. కానీ లాఠీ ఎటునుంచి వస్తోందో ఆయనకు కనబడలేదు. చేతులు ఒకవైపు అడ్డం పెడితే దెబ్బ ఇంకోవైపు పడింది. "ఏడున్నడు నీ తమ్ముడు? చెప్పురా!" అంటూ మోకాళ్ళ మీద, నడుము మీద, చివరికి తల మీద కొట్టారు. ఎముక మీద కర్ర పడితే వచ్చే చప్పుడు రోకటి చప్పుడు కాదు. నేను కళ్ళు మూసుకుని ఆ చప్పుళ్ళన్నీ విన్నాను. రోళ్ళు బోర్లించారు, కుండలు పగలగొట్టారు, నాన్నను వాకిట్లో పడేసి పక్కింటి వైపు నడిచారు.

పక్కింట్లో జరిగింది చిన్నాయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. చాచీ తన బురఖా తీసి ఆయన నెత్తిమీదినుంచి వేసి, పిల్లలిద్దరినీ ఆయన ఒడిలో కూర్చోబెట్టింది. ఒక ఖాకీవాడు లోపలికి వచ్చాడు. "మా అత్త, బీమారున్నది, దూరముండు" అంది చాచీ. వాడు నమ్మకుండా బురఖా పట్టి గుంజాడు. కళ్ళముందు జాలి, అంటే చూడటానికి ఉండే దారపు వల, ఉన్న చోట కుట్టు పర్రున చినిగింది. చాచీ వాడి మణికట్టు పట్టుకుని రక్తం వచ్చేలా కొరికి, "పర్దాల ఉన్న ఆడమనిషి మీద చెయ్యి వేస్తవా?" అని వీధంతా వినబడేలా అరిచింది. బయట ఉన్న వాడి పెద్ద తిట్టి వెనక్కి పిలిచాడు. "ఆ జాలిలకెళ్ళి వాని మీసం దప్ప ఏం కనవడలే వదినె" అని చిన్నాయన చెప్పేవాడు. ఆ ఒక్క మాట దగ్గర నవ్వేవాడు.

నాన్న తలవాపు తగ్గలేదు. జ్వరం వచ్చింది, మనుషులను గుర్తుపట్టడం మానేశాడు, వారం తిరక్కముందే పోయాడు. నాయనమ్మ మంచం పట్టింది. చిన్నాయన ఆ మీసం మాట దగ్గర కూడా నవ్వడం మానేశాడు. నేను మాత్రం అందరి మీదా అరిచేదాన్ని. ఆ మొదటి రకం కుండ పెంకులు వాకిట్లో కనబడితే కాలితో తన్నేదాన్ని.

అమ్మ ఏడవడం నేను పెద్దగా చూడలేదు. ఒక పొద్దున పెరట్లో సున్నం కొట్టిన గోడ ముందు నిలబడి ఉంది. పక్కన రకరకాల కారం గిన్నెలు. ఒక్కో పిడికిలి తీసి గోడకేసి విసురుతోంది.

"గిట్ల సూడు. పిండి తిరిగి నా మీదికే వస్తది. నూకలు గోడ దాంక వోవు, నడుమల్నే రాల్తయ్. రవ్వ పోయి తాకుతది గని జారి కింద వడ్తది. కంట్లె వడ్డా గంతే, రెప్ప కొడితే రాలిపోతది."

అప్పుడు నాకు అర్థమైంది ఆమె ఏం కొలుస్తోందో. రోజూ పనయ్యాక ఇద్దరం అదే పని. నేను గోడ పక్కన నిలబడి ఎంత అంటుకుంది, ఎంత రాలింది చూసి చెప్పేదాన్ని. గోడ మీద తడిగుడ్డ కట్టి చూశాం, కన్ను తడిగా ఉంటుంది కదా అని. తిరగట్లో విసిరింది తడిగుడ్డ మీద కూడా జారింది. రోట్లో దంచిన పొలుసు అతుక్కుంది. గాలికి లేవనంత బరువు, పడిన దగ్గర పట్టుకునేంత పల్చన. గసగసాలంత పొలుసు కావాలి. కానీ ఆ కొలతకు మా దగ్గర సరైన జల్లెడ లేదు. తీగ జల్లెడలో రవ్వ కూడా దిగేది, గుడ్డలో పిండి తప్ప దిగేది కాదు. నేనైతే విసుగొచ్చి, ఇంత లెక్క ఎందుకు, రోకలితో నెత్తి పగలగొడితే పోలేదా అన్నాను. అమ్మ వినలేదు.

గోడ సందులోంచి చాచీ చాలా రోజులుగా చూస్తోంది. ఒకరోజు చినిగిన బురఖా పట్టుకొచ్చింది.

"అక్కా, ఈ జాలి సూడు. ఇగ నేను కట్టుకునేది లేదు, చినిగింది గద."

కత్తెరతో కళ్ళముందటి జాలి చుట్టూ కోసి, మా పాత జల్లెడ వెదురుచట్రానికి బిగించి కుట్టింది. చినిగిన చోట నల్లదారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. అందులో దిగిన పొలుసును మళ్ళీ గుడ్డలో వేసి పిండినంతా జాడించేశాం. మిగిలినది అమ్మ పిడికిట పట్టి విసిరింది. అది ఒక ముద్దగా పోయి, గోడ దగ్గర విచ్చుకుని, తడిగుడ్డకు అంటుకుంది. ఒక్క పలుకు రాలలేదు. అమ్మ ముఖంలో అప్పుడు కనబడినది సంతోషం కాదు. నాకు భయం వేసింది, నచ్చింది కూడా.

రెండు కుండలు నింపింది. ఒకటి చాచీ చేతిలో పెట్టింది.

"నాకెందుకక్కా? వాళ్ళు మావోళ్ళే గద" అని చాచీ నవ్వింది.

"నీ ఇంట్లకొచ్చి నీ బురఖా గుంజినోడు నీవోడెట్లయితడు? దొడ్డితలుపు పక్కకు పెట్టుకో. ఎవడొచ్చినా కండ్లల్లకే కొట్టు."

ఆ ఏడు వానల్లో పటాలాలు వచ్చాయి. ఆకాశంలో విమానాలు తిరిగాయి, రెండు మూడు రోజులు తలుపులు తీయలేదు, తర్వాత ఒక్కసారిగా వీధులన్నీ జనం. పూలదండలు, జైకొట్టడాలు. నిన్నటిదాకా ఖాకీలు తొడుక్కున్నవాళ్ళు ఆ చొక్కాలు బావుల్లో పడేసి ఇళ్ళల్లో దాక్కున్నారు. అమ్మ గడపలో కూర్చుని, నాన్న ఇది చూడలేదే అని, అప్పుడు ఏడ్చింది. ఇక కారం కూరలకే అనుకున్నాం.

మా మీద లాఠీ పట్టినవాళ్ళు దొరకలేదు. దొరికింది వాళ్ళ మతంలో పుట్టినవాళ్ళు. బోయిగూడ నుంచి కొందరు కొత్త స్నేహితులు చిన్నాయన కోసం రావడం మొదలైంది. కల్లు తాగి అరుగు మీద కూర్చుని, ఎవరి ఇంట్లో ఏ పెట్టె ఉంది, ఎవరింట్లో మగవాడు లేడు, ఇవే మాటలు. అమ్మ బయటికి వచ్చి చీపురు విసిరింది. చిన్నాయన లేచాడు.

"అన్నను సంపినోళ్ళను మర్సిపొమ్మంటవా వదినె?"

"సంపినోన్ని దొర్కవట్టుకొని రా, రోకలి నేనే తీస్త. వీళ్ళతోని తిరిగితె మాత్రం అన్నం పెట్ట."

ఆయన అన్నం తినకుండానే పోయాడు.

మరునాడు పొద్దున అమ్మా నేనూ పెరట్లో ఎదురెదురుగా నిలబడి దంచుతున్నాం. గోడ అవతల దొడ్డితలుపు విరిగిన చప్పుడు. చాచీ పిల్లల అరుపు. వెంటనే మగవాళ్ళ కేక, ఒకటి కాదు, గొంతులు చీలేలా కేకలు. అమ్మ రోకలితోనే సందు వైపు పరుగెత్తింది, నేను నా రోకలితో పెరళ్ళ వెనక గల్లీలోకి పోయాను. ముగ్గురో నలుగురో కళ్ళు పట్టుకుని గోడలకు గుద్దుకుంటూ వీధి వైపు పారిపోతున్నారు. వెనకబడ్డవాడు ఒకడు, ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడు, చేతిలో గొడ్డలితో తడుముకుంటూ నా మీదికే వచ్చాడు. నేను ఆగలేదు. నాన్న మీద పడిన దెబ్బలన్నీ నా చేతుల్లోకి వచ్చాయి. రోకలి ఎత్తి భుజం మీద ఒక్కటి వేశాను. ఎముక విరిగింది, నాకు తెలిసింది. వాడు కూలబడ్డాడు, గుడ్డ ఊడింది. చిన్నాయన.

దెబ్బ ఎవరికి పడిందో తెలిశాక అయ్యో అనిపించి ఉంటుందని మీరు అనుకోవచ్చు. అనిపించలేదు. ఇంకొకటి వేయాలనిపించింది. చాచీ ఇంటి దొడ్డితలుపు చెక్కకు లోపలి గడియ ఎక్కడుందో, ఎక్కడ కొడితే ఊడుతుందో బయటివాడికి తెలియదు. అక్కడ దాక్కున్నవాడికే తెలుస్తుంది. రోకలి మళ్ళీ ఎత్తాను కూడా. అమ్మ వచ్చి వెనకనుంచి పట్టుకుంది.

ఈడ్చుకుని మా పెరట్లోకి తెచ్చాం. పడుకోబెట్టి అమ్మ చెంబుతో కళ్ళలో నీళ్ళు పోస్తోంది. రెప్పలు ఉబ్బి ముద్దలయ్యాయి. ఎంత పోసినా కారం పోవడం లేదు. పోకుండా ఉండాలనే కదా చేసింది. ఆయన కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ, మంచి చేత్తో కంటి కొస తుడుచుకున్నాడు. వేలికి ఏదో అంటింది. బొటనవేలితో రుద్దాడు. ఆగాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ రుద్దాడు.

"పొలుసు" అన్నాడు. "మన రోట్లె దంచింది. వదినె, ఇది నువ్వు దంచింది."

అమ్మ నీళ్ళు పోస్తూనే ఉంది.

"గింజ ఏ జల్లెడది? పిండి కాదు, రవ్వ కాదు. గిసుంటి జల్లెడ మనింట్ల లేదు గద."

అమ్మ చెంబు కింద పెట్టి గోడకున్న జల్లెడ తీసింది. ఆయన చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన వేళ్ళు జాలి మీద పాకాయి. నల్లదారం కుట్ల దగ్గర ఆగిపోయాయి.

"గుర్తువట్టినవా? దీంట్లకెళ్ళి నువ్వు ఓపారి సూసినవ్" అంది అమ్మ.

ఆయన ఒక్కో కుట్టునూ వేలితో తడిమాడు. అప్పుడు గోడ అవతలినుంచి చాచీ గొంతు వచ్చింది, ఎగపోతతో, గెలుపుతో.

"అక్కా! నువ్వు ఇచ్చిన కారం మస్తు పనిచేసింది! పిల్లలు మంచిగున్నరు. ముందల ఒకడు గొడ్డలి పట్టుకొని వచ్చిండు, మొఖానికి గుడ్డ. సక్కగ వాని కండ్లల్లకే కొట్టిన. ఎవడో ఏమో, ఇగ వానికి చూపు రాదు!"

చిన్నాయన అమ్మ కాలు పట్టుకున్నాడు. చెప్పొద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. అమ్మ ఆయన ముఖం వైపు చూసింది. తను ముక్కు తుడిచి పెంచిన ముఖం.

"మావాడే చెల్లె" అంది గోడ వైపు తిరిగి. "మావాడే వచ్చిండు. ఇగో, ఈడ పండుకున్నడు."

గోడ అవతల పిల్లల ఏడుపు ఆగింది. నేను రోకలి ఇంకా వదల్లేదు. చాచీ సందులోంచి వచ్చి ఆయన ముఖం మీద ఉమ్మేస్తే బాగుండు, మిగిలిన కారం కూడా పోస్తే బాగుండు అని కోరుకున్నాను. ఆమె రాలేదు. చాలాసేపటికి సందులో చెంబు పెట్టిన చప్పుడు మాత్రం అయింది. చెయ్యి ఒక్క క్షణం కనబడి వెనక్కి పోయింది.

పాలు. కళ్ళలో కారం పడితే మా పేటలో అందరూ పోసేది పాలే. పిల్లల కోసం పోయించుకున్న పాలు అవి, ఇంకా కాచలేదు. నాకు వాటిని మట్టిలో పారబోయాలనిపించింది, వీడికి వద్దు అని అరిచాను కూడా. అమ్మ నన్ను పక్కకు నెట్టి పోయి చెంబు తెచ్చుకుంది. "కండ్లు తెరువు" అంది. చిన్నాయన మంచి చేత్తో ముఖం కప్పుకున్నాడు. ఆ చెయ్యి తీయడానికి అమ్మకు నా సాయం కావాల్సి వచ్చింది.